పిలకాయల చేత కథ చెప్పించడం ఎట్లా?

పిల్లలకు కథ చెప్పడం వేరు, పిల్లల చేత కథ చెప్పించడం వేరు. మొదటిది మన ఇళ్ళలో ఇంకా అంతో ఇంతో జరుగుతూనే ఉంది. రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు. చుట్టాలొచ్చినప్పుడు "ఏదీ, ఒక కథ చెప్పమ్మా" అంటే పిల్ల బిక్కమొహం వేస్తుంది, లేదా బళ్ళో బట్టీ పట్టించిన ఇంగ్లీషు రైమొకటి గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పి పారిపోతుంది. రోజూ రాత్రి కథ విని నిద్రపోయే పిల్లలు కూడా ఇంతే. వింటే కథ తెలుస్తుంది. చెప్పడం మాత్రం చెప్తేనే వస్తుంది.

ఇక్కడ చెప్పే పద్ధతి మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు పిల్లలకు. అమ్మానాన్నలు, అవ్వాతాతలు, అంగన్‌వాడీ కార్యకర్తలు, ఒకటీ రెండు తరగతుల టీచర్లు ఎవరైనా చేయవచ్చు. రోజుకు పది పదిహేను నిమిషాల చొప్పున సుమారు మూడు వారాలు పడుతుంది. కావలసినవి ఒక కథ, ఒక పలక, ఒక బలపం, ఇంట్లో దొరికే ఆరేడు చిన్న వస్తువులు. పుస్తకం అక్కర్లేదు. మీ నోట్లో ఉన్న కథ కొంచెం కొంచెంగా బిడ్డ నోట్లోకి మారాలి. పద్ధతంతా ఇదే. ఆ కొంచెం ఎంత, ఎప్పుడు అన్న దగ్గరే చాలామంది తొందరపడతారు.

ముందు బిడ్డ ఎక్కడుందో చూసుకోండి

ఊరెళ్ళి వచ్చిన మర్నాడు "నిన్న ఏం జరిగిందో చెప్పు" అని అడిగి, మధ్యలో కదిలించకుండా వినండి. నాలుగేళ్ళ బిడ్డ చెప్పేది ఇంచుమించు ఇట్లా ఉంటుంది: "బస్సెక్కినాం. ఐసు తిన్నా. అవ్వ తిట్టింది. కుక్క."

నాలుగు సంగతులున్నాయి, వాటి మధ్య ముడి లేదు. అవ్వ ఎందుకు తిట్టిందో, కుక్క ఎక్కణ్ణించి వచ్చిందో బిడ్డకు తెలుసు. ఆ సంగతి మీకు తెలియదని మాత్రం బిడ్డకు తోచదు. ఈ వయసుకు అది మామూలే. కథ చెప్పడంలో అసలు కష్టం కూడా ఇక్కడే ఉంది. ఎదుటివాళ్ళకు ఏం తెలియదో ఊహించుకుని, అది ముందు చెప్పి, ఆ తర్వాత మిగతాది చెప్పాలి.

ఇప్పుడు ఒక్క ప్రశ్నే అడగండి. "అవ్వ ఎందుకు తిట్టింది?" "గౌను మీద పోసుకున్నా." చాలు. "ఓహో, ఐసు తింటా తింటా గౌను మీద పోసుకున్నావు, అందుకని అవ్వ తిట్టింది" అని ఆ రెండు ముక్కలకూ ముడేసి మీరు పైకి అనండి. "ఏదీ, నువ్వు అను" అని అడగొద్దు. కుక్క సంగతి రేపు చూసుకోవచ్చు.

సుమారుగా మూడేళ్ళ పిల్లలు విడివిడి ముక్కలు చెబుతారు. నాలుగేళ్ళకు "ఆ తర్వాత, ఆ తర్వాత" అంటూ వరస వస్తుంది. ఐదు దాటాక "అందుకని", "ఎందుకంటే" మొదలవుతాయి. ఆరేడేళ్ళకు ఒకరికి చిక్కొచ్చిపడటం, దాన్నుంచి బయటపడటానికి వాళ్ళేదో చేయడం, చివరికేమైందో చెప్పడం, ఇట్లా పూర్తి కథ వస్తుంది. ఒక్కో బిడ్డ కొన్ని నెలలు అటూ ఇటూ ఉంటుంది, కంగారు పడొద్దు. మీ బిడ్డ ఏ మెట్టు మీదుంటే దానికి పై మెట్టు ఒక్కదాని మీదే దృష్టి పెట్టండి. ముక్కలు చెప్పే బిడ్డను "ఈ కథలో నీతి ఏంది?" అని అడిగితే ఇక నోరు తెరవదు.

ఒకటో మెట్టు: ఒక్క కథ ఎంచుకోండి

మా సలహా ఏడు చేపల కథ. అందరికీ తెలిసిందే కదా అని తీసిపారేయకండి. చెప్పడం నేర్పడానికి ఇంతకన్నా అనువైనది దొరకడం కష్టం. ఒకసారి మొత్తం చూడండి.

అనగనగా ఒక రాజు. రాజుకు ఏడుగురు కొడుకులు. ఏడుగురూ వేటకెళ్ళి ఏడు చేపలు తెచ్చారు. ఏడింటినీ ఎండబెడితే ఒకటి ఎండలేదు. "చేపా చేపా, ఎందుకు ఎండలేదు?" "గడ్డిమోపు అడ్డమొచ్చింది." "మోపూ మోపూ, ఎందుకు అడ్డమొచ్చావు?" "ఆవు మేయలేదు." "ఆవా ఆవా, ఎందుకు మేయలేదు?" "పాలేరు మేపలేదు." "పాలేరూ పాలేరూ, ఎందుకు మేపలేదు?" "అవ్వ బువ్వ పెట్టలేదు." "అవ్వా అవ్వా, ఎందుకు పెట్టలేదు?" "పిల్లోడు ఏడ్చాడు." "పిల్లోడా పిల్లోడా, ఎందుకు ఏడ్చావు?" "చీమ కుట్టింది." "చీమా చీమా, ఎందుకు కుట్టావు?" "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?"

ఇందులో గొలుసుకు లంకెల్లాగా ఏడు కొలుకులున్నాయి: చేప, మోపు, ఆవు, పాలేరు, అవ్వ, పిల్లోడు, చీమ. ప్రతి కొలుకూ ముందుదానికి "ఎందుకంటే" అవుతుంది. అంటే ఐదేళ్ళు దాటాక రావలసిన ఆ ముడిని, అర్థం పూర్తిగా అందకముందే, నాలుగేళ్ళ బిడ్డ నోటికి ఈ కథ అలవాటు చేస్తుంది. ప్రశ్న ప్రతిసారీ ఒకే తీరులో వస్తుంది కాబట్టి బిడ్డకు పట్టుకోవడానికి ఒక కొస దొరుకుతుంది. నెల్లూరు, ఒంగోలు తీరాన మైపాడు నుంచి కొత్తపట్నం దాకా ఇసకలో నెత్తళ్ళు ఆరబోయడం చూసిన పిల్లలకు చేప ఎండకపోవడం ఎంత పెద్ద సంగతో ఎవరూ చెప్పనక్కర్లేదు. సముద్రానికి దూరంగా కనిగిరి, పొదిలి వైపు పిల్లలకు ఆవూ గడ్డిమోపూ అంతకన్నా దగ్గర.

మీ ఇంట్లో ఈ కథ కొంచెం వేరుగా చెప్పుకుంటూ ఉండవచ్చు, పాలేరు బదులు గొల్లవాడు, అవ్వ బదులు అమ్మ. మీ ఇంటి కథే వాడండి. కాకపోతే ఈ మూడు వారాలూ మార్చొద్దు. ఇంట్లో అమ్మ ఒకరకంగా, జేజి (నాయనమ్మ) ఒకరకంగా చెబితే మొదటి వారంలో బిడ్డ తడబడుతుంది. ఇద్దరూ ముందే ఒక మాట అనుకోండి.

మూడేళ్ళ బిడ్డకు ఏడు కొలుకులు ఎక్కువ. నాలుగు చాలు: చేప ఎండలేదు, మోపు అడ్డమొచ్చింది, ఆవు మేయలేదు, ఆవును చీమ కుట్టింది.

రెండో కథగా ఇల్లలుకుతూ తన పేరు మరిచిపోయిన ఈగ కథ తీసుకోవచ్చు. అదీ గొలుసు కథే. ఐదు దాటిన వాళ్ళకు సింహాన్ని బావిలో దూకించిన కుందేలు కథ. కొత్తలో పక్కన పెట్టవలసినవి కొన్ని ఉన్నాయి: ఏడుగురు సవతులున్న కథలు, మాయా మర్మాల పొడుగు కథలు, చివర్లో నీతి చెప్పడం కోసమే అల్లినవి. వినడానికి బాగుంటాయి, తిరిగి చెప్పడానికి పట్టు దొరకదు.

రెండో మెట్టు: మూడు రోజులు మీరే చెప్పండి

చాప మీద బిడ్డకు ఎదురుగా, మొహం మొహం కనపడేట్టు కూర్చోండి. టీవీ కట్టేయండి. ఫోను పక్క గదిలో పెట్టండి. నిద్రవేళ వద్దు. నిద్రపుచ్చే కథ వేరే ఉండనివ్వండి, ఇది మెలకువలో జరగాలి. సాయంత్రం ఆటలాడి వచ్చి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, ఏదో ఒకటి తిన్నాక మంచి సమయం. కథ మూడు నాలుగు నిమిషాల్లో అయిపోవాలి.

ఈ మూడు రోజులూ బిడ్డకు ఒక్కటే పని, ఊ కొట్టడం. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. బుర్రకథలో కథకుడు మధ్యలో ఉంటే అటూ ఇటూ వంతలు ఊ కొడుతూ, తందాన అంటూ, మధ్యమధ్య ప్రశ్నలేస్తూ కథను నడిపిస్తారు. కథ చెప్పడంలో ఎదుటివాళ్ళ పాత్ర ఉంటుందని బిడ్డకు మొదట తెలిసేది ఊ కొట్టేటప్పుడే. ఊ ఆగితే మీరూ ఆగండి. తిట్టొద్దు, గుర్తు చేయొద్దు, ఊరికే ఆగి చూడండి. రెండో రోజుకల్లా ఊ దానంతటదే వస్తుంది.

గొంతులు మూడు చాలు: రాజుకు నిదానంగా, అవ్వకు వణుకుతూ, చీమకు సన్నగా కోపంగా. ప్రతి పాత్రకూ గొంతు మార్చబోతే మీరే మరిచిపోతారు. చీమ జవాబు ముందు మాత్రం ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి ఆగండి. "అనగనగా" అని మొదలుపెట్టడం, "కథ కంచికి, మనం ఇంటికి" అని ముగించడం మానొద్దు. ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోయిందో తెలియడం చిన్నపిల్లలకు కావాలి. తర్వాత వాళ్ళు సొంతంగా చెప్పేటప్పుడు కథ ఆగక సాగుతుంటే ఈ మాటే వాళ్ళను గట్టెక్కిస్తుంది.

మూడో మెట్టు: కొంచెం కొంచెంగా వదిలేయండి

నాలుగో రోజు నుంచి ప్రశ్న బిడ్డది. మీరు "ఒకటి ఎండలేదు" అని ఆగి, బిడ్డ వైపు చూడండి. "చేపా చేపా" అనేది బిడ్డ. జవాబులన్నీ మీవి. మొదటి రోజు గొణిగినా, సగమే అన్నా సరే, ముందుకు పొండి.

ఏడో రోజుకు తిరగేయండి. ఇప్పుడు ప్రశ్న మీది, జవాబు బిడ్డది. ఇది కష్టం, ఎందుకంటే ప్రశ్న ఒకే తీరు, జవాబులు ఏడు రకాలు. నాలుగు రోజులు దీని మీదే ఉండండి.

ఇక్కడ తప్పకుండా జరిగేది ఒకటుంది. చేప, మోపు చెప్పి, ఒక్క దూకు దూకి చీమ దగ్గర తేలతారు. మొదలూ చివరా గుర్తుంటాయి, మధ్య జారిపోతుంది. పెద్దవాళ్ళకైనా అంతే. "కాదు, మధ్యలో ఆవు మరిచిపోయావు" అని దిద్దకండి. రెండుసార్లు దిద్దితే మూడోసారి బిడ్డ మీ మొహం చూసి చెప్పడం మొదలుపెడుతుంది, కథను చూసి కాదు. దిద్దే బదులు వస్తువులు పెట్టండి. చాప మీద ఎడమ నుంచి కుడికి వరసగా చేపకు కాగితం ముక్క, మోపుకు గడ్డిపోచ, ఆవుకు బొమ్మో గవ్వో, పాలేరుకు పుల్ల, అవ్వకు చెంచా, పిల్లోడికి గోలీ, చీమకు ఒక ఆవగింజ. బిడ్డ దూకేసినప్పుడు మాట్లాడకుండా ఆవు మీద వేలు పెట్టండి. అదే వెనక్కి వస్తుంది. నాలుగైదు రోజులయ్యాక ఒక్కో వస్తువూ తీసేస్తూ రండి, మధ్యవి చివర్లో తీయండి. ఆవగింజ ముక్కులో పెట్టుకునే వయసు పిల్లలుంటే చీమను పలక మీద చుక్కగా పెట్టండి.

ఉదయగిరి చెక్క చెంచాలు ఇంట్లో ఉంటే వాటి మీద స్కెచ్ పెన్నుతో కళ్ళూ మీసాలూ గీసి బొమ్మలు చేసుకోవచ్చు. బిడియం ఎక్కువున్న పిల్లలు తాము మాట్లాడరు గానీ చెంచా చేత మాట్లాడిస్తారు. గీసిన చెంచాను మళ్ళీ కూరలో పెట్టొద్దు.

పదకొండో రోజు నుంచి మొత్తం బిడ్డదే. మీరు ఊ కొట్టండి. ఆగిపోతే "ఊ, మరి?" అనండి, అంతకు మించి అందించొద్దు. అదే కథ రోజూనా అనే విసుగు పెద్దవాళ్ళకే గానీ పిల్లలకు రాదు. మీకు విసుగొచ్చి కథ మార్చారంటే, మొదటి కథ సగం చేతికొచ్చి ఆగిపోతుంది, రెండోది మళ్ళీ మొదటి నుంచీ.

ప్రశ్న అడిగి ఆగడం

దీన్ని మెట్లలో కలపకుండా విడిగా చెప్పడానికి కారణం, ఇది అన్ని మెట్లలోనూ కావాలి, అందరికీ కష్టమైనదీ ఇదే.

మేరీ బడ్ రో అనే అమెరికా విద్యావేత్త 1970లలో తరగతి గదుల్లో మాటలు రికార్డు చేసి చూస్తే, టీచర్లు ప్రశ్న వేసి జవాబు కోసం సుమారు ఒక్క సెకను ఆగుతున్నారని తేలింది. అది మూడు సెకన్లు అయ్యేసరికి పిల్లల జవాబులు పొడుగయ్యాయి, అడక్కుండానే మాట్లాడటం పెరిగింది. ఇంట్లో మనమూ అంతే. "అవ్వ ఎందుకు పెట్టలేదు?" అని అడిగి, బిడ్డ నోరు తెరిచేలోగా "పిల్లోడు ఏడ్చాడు కదా!" అని మనమే అందిస్తాం. అడిగాక మనసులో "ఒకటి, రెండు, మూడు" అని నిదానంగా లెక్కపెట్టండి. మూడేళ్ళ వాళ్ళకు ఐదు దాకా ఆగండి. కొత్తలో ఆ నిశ్శబ్దం మీకే ఇబ్బందిగా ఉంటుంది.

అవునూ కాదూ జవాబొచ్చే ప్రశ్నలు మానుకోండి. "ఆవు మేసిందా?" అంటే "మెయ్యలా" అంటుంది, అక్కడికి కథ ఆగిపోతుంది. "ఏమైంది?", "ఏమనింది?", "ఎందుకు?" ఈ మూడూ చాలు. వీటిలో "ఏమనింది?" బాగా పనికొస్తుంది. "అవ్వ తిట్టింది" దగ్గర ఆగిన బిడ్డను "అవ్వ ఏమనింది?" అని అడగండి. "ఏందిరా ఇది, బట్టలన్నీ కరాబు చేస్తివే, అనింది" అని అవ్వ గొంతుతో సహా వస్తుంది. ఒక్క ప్రశ్నతో ముక్క కాస్తా ఘట్టమైపోతుంది.

కథలోనే ఉన్న ప్రశ్నలు కాక, మొత్తం కథలో మీరు వేసేవి రెండు మూడు దాటకూడదు. మిగతావన్నీ ఊ, "అయ్యో", "అట్నా!" లాంటివే.

భాష దిద్దొద్దు. "ఆవు మెయ్యలా", "చీమ కుట్టె", "అట్ట పోయినాడు" అంటే అననివ్వండి. అది మన ఊరి తెలుగు, కథ అందులోనే బతికింది. బడి తెలుగు బడి నేర్పుతుంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు, పడమటి మండలాల్లో తండాల పిల్లలు ముందు ఇంటి భాషలో మొత్తం కథ చెప్పనివ్వండి. ఒక భాషలో కథను పట్టుకున్న బిడ్డ రెండో భాషలో మాటలు వెతుక్కుంటే సరిపోతుంది. టీచరుకు ఆ భాష రాకపోతే, ఆ భాష వచ్చిన పిల్లలిద్దరిని పక్కపక్కన కూర్చోబెట్టి ఒకరితో చెప్పించి ఒకరితో ఊ కొట్టించండి.

నాలుగో మెట్టు: ఒక కొలుకు మార్చడం

మూడో వారం. "ఈసారి చేపకు మోపు అడ్డం రాలేదంట. ఇంకేదో అయిందంట. ఏమైంది?" అని అడగండి. ఒకరు మబ్బేసిందంటారు, ఒకరు పిల్లి ఎత్తుకుపోయిందంటారు, ఒకరు కావాలనే చేపను మళ్ళీ నీళ్ళలో వేశారంటారు. ఏదైనా సరే, అక్కణ్ణించి గొలుసు సాగనివ్వండి. పిల్లి ఎందుకు ఎత్తుకుపోయింది? ఆకలేసింది. ఎందుకు ఆకలేసింది? పాలు పోయలేదు. ఎందుకు పోయలేదు? నాలుగు కొలుకుల దగ్గర "కథ కంచికి" అనిపించండి.

కథ కుదిరిందా లేదా అన్నది మీరు తేల్చొద్దు. ఒక కొలుకుకు ముందుదానితో సంబంధం లేకపోతే "పాలు పోయలేదు, అందుకని విమానం వచ్చిందా? నాకు తెలియలా, మళ్ళీ చెప్పు" అనండి. మీకు తెలియలేదని చెప్పడం వేరు, తప్పు చెప్పావనడం వేరు. మొదటిదానికి బిడ్డ వివరిస్తుంది, రెండోదానికి ఊరుకుంటుంది. చాలాసార్లు విమానానికి కారణం వాళ్ళ దగ్గర ఉంటుంది.

ఐదో మెట్టు: పలక మీద నాలుగు గళ్ళు

జరిగిన సంగతిని కథగా చెప్పడానికి పలక బాగా పనికొస్తుంది. రాతిపలక దొరికితే మంచిది (మార్కాపురం పలకలు తరతరాల పిల్లలు వాడినవే కదా), అట్టపలకైనా ఫర్వాలేదు. నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత. నాలుగు గళ్ళు.

మొదటి గడిలో ఎవరు, ఎక్కడ. రెండో గడిలో వచ్చిన చిక్కు. మూడో గడిలో ఏం చేశారు. నాలుగో గడిలో చివరికేమైంది.

నెల్లూరులో రొట్టెల పండగకు (చెరువు నీళ్ళలో నిలబడి రొట్టెలు ఇచ్చిపుచ్చుకునే పండగ) వెళ్ళొచ్చిన బిడ్డను తీసుకుందాం. స్వర్ణాల చెరువు, జనం, తడి బట్టలు, రొట్టెలు, అన్నీ ఒకేసారి చెప్పబోయి ఏదీ చెప్పలేదు. మొదటి గడిలో చెరువు, నీళ్ళలో అమ్మ, బిడ్డ. రెండో గడిలో ఒక చెప్పు, చెరువు గట్టున రెండోది పోయింది. మూడో గడిలో నాన్న వంగి వెతుకుతున్నాడు. నాలుగో గడిలో నాన్న భుజాల మీద బిడ్డ, ఒంటి చెప్పుతో. గీతలే చాలు, మనిషికి ఒక గుండ్రం, రెండు కాళ్ళు. ఇక వేలు గడి మీద పెట్టుకుంటూ చెప్పమనండి. రొట్టె ఎందుకు పట్టారో, ఎవరిచ్చారో అడగబోయారంటే ఆ చెప్పు కథ చెడిపోతుంది. బిడ్డకు ముఖ్యమైంది చెప్పే, దాన్నే ఉండనివ్వండి.

నాలుగు బొమ్మలకూ కలిపి రెండు నిమిషాలు దాటకూడదు. బొమ్మ బాగా వేయాలని కూర్చుంటే చెప్పే ఓపిక బొమ్మతోనే అయిపోతుంది. బలపం మీ చేతిలో ఉంటే తొందరగా అవుతుంది. ఏం గీయాలో మాత్రం బిడ్డ చెప్పాలి.

రెండో గడి ఖాళీగా ఉంటే అది కథ కాదు, జాబితా. "బీచికి పోయినాం, ఆడుకున్నాం, వచ్చినాం" అని వస్తే "అక్కడ నీకు భయమేసిందా, కోపమొచ్చిందా, ఏదన్నా పోయిందా?" అని అడగండి. అవునూ కాదూ ప్రశ్న ఒప్పుకునేది ఇక్కడొక్కచోటే. చిన్న చిక్కైనా చాలు, కంట్లో ఇసక పడిందన్నా సరే.

ఇరవై మంది ఉన్న చోట

అంగన్‌వాడీలో, బళ్ళో అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి ఒక్కొక్కరి చేత ఒక్కో వాక్యం అనిపించడం చాలామంది చేస్తారు. ఆరేడుగురు అయ్యేసరికి మిగతావాళ్ళు పక్కవాడి జుట్టు పీకుతుంటారు. ఐదుగురేసి జట్లు చేయండి. ఇంకా మేలైనది జతలు, ఒకరు చెప్పాలి, ఒకరు ఊ కొట్టాలి, మూడు నిమిషాలకు మారాలి. గది గోలగా ఉంటుంది. అంతమంది ఒకేసారి కథ చెబుతుంటే గోల కాక మరేముంటుంది.

వారానికి ఒకరోజు కథాట. ఒక బిడ్డ చెబుతుంటే టీచరు మాట మార్చకుండా రాసుకోవాలి, ఆరు నుంచి ఎనిమిది వాక్యాల దాకా. నేల మీద సుద్దముక్కతో రెండు మీటర్ల చదరం గీసి, టీచరు ఆ వాక్యాలు చదువుతుంటే పిల్లలు అందులో ఆడాలి. కథ ఎవరిదో వాళ్ళకే పాత్ర ఎంచుకునే హక్కు. తన కథలో ఎవరు "ఎక్కడ" ఉన్నారో చెప్పలేదని బిడ్డకు అప్పుడు తెలుస్తుంది, ఎందుకంటే ఆడేవాళ్ళు ఎక్కడ నిలబడాలో తెలియక బిత్తరపోతారు. మరుసటి వారం అదే బిడ్డ "చెరువు కాడ" అని మొదలుపెడుతుంది. మాట్లాడని పిల్లలకు చీమ వేషమివ్వండి, ఒక్కటే మాట, అందరూ ఎదురుచూసే మాట.

పాఠాలకు సమయం చాలదనే టీచర్లకు ఒక సంగతి. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు రావాలని కేంద్ర ప్రభుత్వం 2021 జూలై 5న మొదలుపెట్టిన నిపుణ్ భారత్‌లో చదవడం, రాయడంతో పాటు మౌఖిక భాష కూడా భాగమే. ఈ పది నిమిషాలూ పాఠంలో పడ్డట్టే లెక్క.

ఎక్కడ చెడుతుంది

ఒకే రాగంలో, ఊపిరి తీసుకోకుండా అప్పజెబుతున్నారంటే కథను బట్టీ పట్టారన్న మాట. నాలుగో మెట్టుకు వెళ్ళి ఒక కొలుకు మార్చండి, రాగం తెగుతుంది.

"ఆ తర్వాత, ఆ తర్వాత" అని పావుగంటైనా ముగియకపోతే, చెప్పబోయే ముందే "ఇది ఎట్లా అయిపోతుంది?" అని అడిగి నాలుగో గడి మొదట గీయండి.

ఎప్పుడూ కొట్టుకోవడాలూ చంపుకోవడాలూ వస్తుంటే చాలామంది వెంటనే ఆపేస్తారు. ఆపొద్దు. "వాడి అమ్మ ఏమనింది?" అని అడగండి. కథ ఇంకో దారి పడుతుంది.

ఫోనులో కార్టూన్లు చూసే పిల్లలు కథలో "ఢాం, ఢిష్, అట్లా అయిపోయింది" అంటూ చేతులూపుతారు. తెర మీద బొమ్మ చేసే పనిని ఇక్కడ మాట చేయాలని వాళ్ళకింకా తెలియదు. వాళ్ళను మీ వెనక, మీ వీపుకు వీపు ఆనించి కూర్చోబెట్టి చెప్పించండి. చేతులు మీకు కనపడవు కాబట్టి మాటలు వెతుక్కుంటారు.

అక్కో అన్నో పక్కనుండి అందిస్తుంటే, వాళ్ళకు ఊ కొట్టే పని అప్పజెప్పండి. ఊ తప్ప ఇంకేం అనకూడదని ముందే ఒప్పందం. చుట్టాల ముందు "చెప్పు, చెప్పు" అని నిలబెట్టడం మొదటి నెలలో అసలొద్దు.

రెండు నుంచి ఐదేళ్ళ మధ్య చాలామంది పిల్లలు "నే... నే... నేను" అని తడబడతారు. చెప్పవలసింది ఎక్కువ, నోరు ఇంకా తిరగదు. "నిదానంగా చెప్పు", "గాలి పీల్చుకో" అనొద్దు, మాట అందించొద్దు, మొహంలోకి చూస్తూ ఆగండి. మీరు మీ మాట వేగం తగ్గిస్తే అదే సాయం. ఆరు నెలలు దాటినా తగ్గకపోయినా, మాట కోసం మొహం బిగిసి కళ్ళు మూసుకుంటున్నా స్పీచ్ థెరపిస్టుకు చూపించండి. మూడేళ్ళు నిండినా రెండు మూడు మాటలు కలపని బిడ్డకూ, నాలుగేళ్ళకు బయటివాళ్ళకు మాట అర్థం కాని బిడ్డకూ ముందు చెవులు పరీక్ష చేయించాలి. తరచూ చెవిపోటు, చీము వచ్చే పిల్లల్లో వినికిడి తగ్గి, మాట వెనకబడటం ఉంటుంది. కథలు ఆ తర్వాత.

ఆరో మెట్టు: కథ తెలియని వాళ్ళకు చెప్పించడం

ఇంట్లో మీ అందరికీ ఆ కథ తెలుసు. చెప్పు పోయిన సంగతీ తెలుసు. అందుకే బిడ్డ సగం మింగినా మీకు అర్థమైపోతుంది. నెల గడిచాక, అక్కడ లేని మనిషికి చెప్పించండి. చెన్నైలోనో బెంగుళూరులోనో ఉన్న మేనమామకో, ఊళ్ళో ఉన్న తాతకో ఫోను చేయండి. వీడియో కాల్ వద్దు, మాట మాత్రమే. వీడియోలో అయితే పలక చూపించి ఊరుకుంటారు.

ఫోను చేసే ముందు తాతకు రెండు మాటలు చెప్పి ఉంచండి. ఊ కొడుతూ ఉండాలి. అర్థం కానప్పుడు మాత్రం "ఎవురు నాయనా?" అనో "యాడ?" అనో అడగాలి. మధ్యలో "బాగా చదువుకుంటున్నావా?" అని అడగకూడదు (తాతలకు ఇదే పెద్ద కష్టం). మొదటిసారి రెండు నిమిషాల్లో "ఎవురు" నాలుగుసార్లు రావచ్చు. పక్కన మీరు కూర్చోండి, అందించకండి, ఆ నాలుగూ ఎక్కడెక్కడ వచ్చాయో చూసుకోండి. మర్నాడు పలక తీసి, మొదటి గడిలో ఆ మనుషులను గీసి, అదే కథ అదే తాతకు కాకుండా ఇంకొకరికి ఫోను చేసి చెప్పించండి.